ట్రెవిక్ పాతిన కొయ్యలు

బొమ్మకు భయపడి ఇల్లు వదిలిన కుటుంబంతో ఊళ్లో ఎవరూ కలవకూడదని దిబ్బలపాలెంలో మంగళవారం మధ్యాహ్నం దురాయి వేశారు. దానికి ఆధారం నా మాట. మరునాటి మధ్యాహ్నానికి ఆ మాట తప్పని నాకు తెలిసింది. శుక్రవారం అమావాస్య. ఆ తెల్లవారుజామున వాయుగుండం తీరం దాటవచ్చని రేడియో చెబుతోంది. మధ్యలో మిగిలింది గురువారం ఒక్కటే.

దురాయి అంటే పట్టపు జాలరుల పాలేల్లో కాపులు, అనగా కులపెద్దలు, ఊరందరి ఎదుట వేసే కట్టడి. పోలీసులూ కోర్టులూ దాన్ని గుర్తించవు. దిబ్బలపాలెంలో మాత్రం దాన్ని దాటిన మనిషిని నేను చూడలేదు. దాటినవాడి పడవకు ఎవరూ భుజం పట్టరు. ఒక్కడే నీళ్లలోకి తోసుకోగల పడవ ఆ ఒడ్డున ఒక్కటీ లేదు. కనుక దురాయి దాటడం అంటే ఆ మాపటి నుంచి అన్నం మానుకోవడం.

ఆ బొమ్మ వేసినవాడు రోలాండ్ ట్రెవిక్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు. కార్న్‌వాల్ తీరంలో జాలరి కుటుంబంలో పుట్టాడు. ముప్పై అయిదేళ్ల వయసులో లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు, యాభై దాటేసరికి అందరూ మరిచిపోయారు. ఆయన వేసినవన్నీ తీరాలే. ఒక్కొక్క తీరాన మూడేళ్లపాటు కాపురం ఉండి, చిన్న చిన్న అట్టల మీద చిత్రాలు వేసుకుని, చివరికి ఒక్క పెద్ద పటం వేసి వెళ్లిపోయేవాడు. ఆ పెద్ద పటంలో ఉన్న ఇళ్లు ఉండేవి కావు, లేని నీళ్లు ఉండేవి. అందుచేత విమర్శకులు ఆయన్ను దార్శనికుడు అన్నారు. ఆ మాట వినగానే నాకు చిరాకు. చూసిన దాన్ని చెప్పలేని వాళ్లు, చూడని దాన్ని చూశామని చెప్పేవాళ్లు, ఇద్దరికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది.

ఎనభై ఏళ్లు దాటాక ఆయన బోగోలు మండలంలోని మా తీరానికి వచ్చాడు. దిబ్బలపాలేనికి అర కిలోమీటరు దూరంలో ఉన్న పాత మిషన్ బంగళాలో దిగాడు. వీసా ఇచ్చినన్ని నెలలు, అంటే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండి వెళ్లేవాడు. బంగళా చూసుకునే ఏసుమణి ఆయనకు వండి పెట్టేది. మూడో ఏడు ఆగస్టు ఆఖరులోనే వచ్చి, అక్టోబరు చివర చనిపోయాడు. మిషన్ శ్మశానంలో పూడ్చారు. నవంబరు మూడో వారంలో జరిగిన స్మారక కూడికలో ఏసుమణి ఆయన చివరి పటాన్ని గోడకు ఆనించి నిలబెట్టింది. గౌరవం కొద్దీ చేసిన పని అది.

దిబ్బలపాలెం రెండు వరసల ఊరు. సముద్రం వైపు వరసలో పదిహేడు ఇళ్లు. పటంలో ఊరు అచ్చంగా ఉంది: రెండో వరస ఇళ్లు, పోలేరమ్మ రాయి, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు. ముందు వరస మాత్రం లేదు. దాని స్థానంలో పాలిపోయిన ఆకుపచ్చ నీరు రెండో వరస గడపల దాకా పరుచుకుని ఉంది. ఆ నీటి అడుగున, గమనించి చూస్తే, పొయ్యిరాళ్లూ ఒక దండెపు తాడూ కనిపిస్తాయి. ముందు వరసలో నాలుగో ఇల్లు పిచ్చమ్మది. తన పొయ్యిని నీళ్ల కింద తానే గుర్తుపట్టి ఆమె కూడికలోనే కూలబడింది.

దొర చూసినాడన్న మాట పాలెమంతా పాకింది. రెండు రోజుల్లో మూడు కుటుంబాలు ట్రాక్టర్ తెప్పించి సామాను ఎక్కించాయి. వెళ్లేవాళ్లు పిరికివాళ్లని ఉండేవాళ్లు, ఉండేవాళ్లు మూర్ఖులని వెళ్లేవాళ్లు తిట్టుకున్నారు. పడవల జట్లు విడిపోయి వేట ఆగింది. అప్పుడు పెద్దకాపు పోలేరయ్య నాకు కబురు పంపాడు.

నాకే ఎందుకంటే, ఆ ఊరికి నా మీద ఒక నమ్మకం ఉంది. కావలి కాలేజీలో ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సెలవుల్లో హేతువాద సంఘం తరఫున ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచాను. బాబాలు గాలిలోంచి తీసే విబూది ఉండలను గంజితో చేసి చూపించాను. పన్నెండేళ్ల కిందట ఒక స్వామి ఫలానా రోజు మిట్టమధ్యాహ్నం సముద్రం దిబ్బలపాలేన్ని మింగుతుందని చెబితే, నేను ఆ రోజు పొద్దున్నే వెళ్లి నీటి అంచున కుర్చీ వేసుకుని, పొద్దు గూకేదాకా పేపరు చదువుతూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఆ నాటి నుంచి నేను ఆ ఊరికి కుర్చీ మాస్టరును.

మంగళవారం నేను పది నిమిషాలు మాట్లాడాను. అది గుడ్డ మీద రంగు మాత్రమే అన్నాను. ఆ మనిషి చిన్నతనంలో తన అమ్మమ్మను సముద్రానికి పోగొట్టుకున్నాడు, ఆ దిగులుతో ఏ తీరం చూసినా దాన్నే చూశాడు, దిగులుకు జోస్యం తెలియదు అన్నాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు. జనం మొహాలు తేటపడ్డాయి. ట్రాక్టర్ నుంచి సామాను దింపారు. ఇక ఈ గొడవ మళ్లీ లేవకూడదని పోలేరయ్య దురాయి వేశాడు. భౌతికశాస్త్రం చెప్పినంతకాలం ఏ తరగతీ నా మాటను అంత త్వరగా ఒప్పుకోలేదు. ఆ సంగతే నన్ను అనుమానంలో పడవేయవలసింది. పడవేయలేదు.

అమ్మమ్మ కథ నాకు ట్రెవిక్ నోటనే తెలుసు. అంతకు ముందు ఫిబ్రవరిలో ఆయన్ను ఒక్కసారి కలిశాను. నిజానికి నిలదీయడానికే వెళ్లాను. బంగళా వరండాలో, రంగుల మరకలున్న చేతులతో తానే టీ పోశాడు. రాబోయేది మీకు కనిపిస్తుందా అని సూటిగా అడిగాను.

"కనిపించిందే వేస్తాను," అన్నాడు.

"ఈ ఊళ్లో ఏం కనిపించింది?"

"మా అమ్మమ్మ ఉన్న వీధి."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ఊరి ముందున్న గులకరాళ్ల మేటను రేవు కట్టడానికి తవ్వుకుపోయారట. సముద్రం దగ్గరికి వస్తోందని జనం గోల పెడితే పట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చి, అలలే మళ్లీ రాళ్లు తెచ్చి పోస్తాయని, ఇళ్లకు భయం లేదని చెప్పాడట. చదువుకున్నవాడు చెప్పాడు గనక అందరూ నమ్మారు. మూడో చలికాలంలో వీధి పోయింది. అప్పుడు ట్రెవిక్‌కు ఆరేళ్లు.

"ఆయన దుర్మార్గుడు కాడు," అన్నాడు ట్రెవిక్ నా కప్పులో పాలు పోస్తూ. "మీలాగే మర్యాదస్తుడు."

నేను టీ సగంలో వదిలేసి లేచాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక నన్ను అవమానించాడని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

దురాయి వేసిన మరునాడు, బుధవారం, ఏసుమణి నన్ను బంగళాకు పిలిచింది. ట్రెవిక్ మేనకోడలు బొమ్మలన్నీ లండన్‌కు పంపమని రాసిందట. ఇంగ్లీషులో జాబితా తయారుచేసి పెట్టాలి. చివరి పటం కాక మొత్తం ముప్పై ఒక్క అట్టలు. భోజనాల బల్ల మీద వరసగా పరిచాం. అన్నీ ఒకే చోట నుంచి వేసినవి. ఎడమ అంచున పిచ్చమ్మ ఇంటి గోడ, కుడి వైపున సముద్రం, మధ్యలో ఇసుక. అందులో ఒక అందమైన ఆకాశం కోసం వెతికితే దొరుకుతుంది గాని, ఆయన దృష్టి ఆకాశం మీద లేదు. ప్రతి అట్టలోనూ ఇసుకలో ఒక సరుగుడు కొయ్య నిలబడి ఉంది. ఇసుక తడిసిన చోటు ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ. దాని కొనకు ఎర్ర దారం.

జాబితా కోసం ఒక అట్టను తిరగేశాను. వెనక పెన్సిలుతో తేదీ, దాని కింద 71. ఇంకోటి తిప్పితే 68. ఇవి బొమ్మల వరస సంఖ్యలు కావా అని ఏసుమణిని అడిగాను.

"కాదు సార్, అంగలు," అంది ఆమె. "పౌర్ణమికీ అమాసకీ పొయ్యేవాడు. నీళ్లు యాడిదాకా వచ్చినాయో చూసి, ఆడ కొయ్య దిగ్గొట్టి, పిచ్చమ్మ గోడ కాణ్ణించి అంగలేసుకుంటా లెక్కపెట్టేవాడు. ఎండకి నేను గొడుగు పట్టుకొని పొయ్యేదాన్ని. ఒక్కో తూరి లెక్క తప్పిందని మళ్లా మొదటి కాణ్ణించి ఏసేవాడు."

"మంగళవారం ఈ సంగతి చెప్పలేదేమమ్మా?"

"మీరు అడగలేదు గద సార్. మీరు చెప్తా ఉండారు, మేమంతా వింటా ఉండాము."

నేను కుర్చీలో కూర్చున్నాను. తర్వాత అట్టలను తేదీల ప్రకారం మళ్లీ పేర్చాను. ఈశాన్య రుతుపవనాల్లో ఒడ్డు కోసుకుపోయి వేసవిలో మళ్లీ మేట వేయడం మామూలే. కాబట్టి ఒక ఏడాది అక్టోబరును మరో ఏడాది జనవరితో పోల్చకూడదు. అక్టోబరును అక్టోబరుతోనే పోల్చాను. మొదటి ఏడు అక్టోబరు పౌర్ణమికి 71. రెండో ఏడు 52. మూడో ఏడు, ఆయన చనిపోవడానికి పద్దెనిమిది రోజుల ముందు, 30. మిగతా నెలల్లోనూ అదే తరుగు. మేట పడలేదు. పడడానికి ఇసుక లేదు. ఊరికి పేరిచ్చిన దిబ్బను నాలుగేళ్ల కిందట రొయ్యల గుంటల వాళ్లు గట్లు పోసుకోవడానికి తవ్వుకుపోయారు. అది నాకు తెలిసిన విషయమే. దాని మీద పత్రికకు ఉత్తరం కూడా రాశాను. ఆ ఉత్తరాన్నీ ఈ బొమ్మనూ కలిపి ఆలోచించలేదు.

చివరికి పెద్ద పటాన్ని తిప్పాం. వెనక, సంఖ్య ఉండవలసిన చోట సున్నా ఉంది. తేదీ ఉండవలసిన చోట ఒక గీత గీసి వదిలేశాడు. జోస్యం చెప్పేవాడు మొదట చెప్పేది తేదీ. ఈయన అది తనకు తెలియదని రాసి పెట్టాడు.

టేపు తీసుకుని ఒడ్డుకు వెళ్లాను. పిచ్చమ్మ గోడ నుంచి ఆ ఉదయపు తడి అంచుకు పంతొమ్మిది మీటర్లు, అంటే ట్రెవిక్ అంగల్లో ఇరవై నాలుగు. నేల వాలు చూశాను. నీరు ఒక్క మీటరు ఎత్తు లేస్తే ఇరవై మీటర్లు ముందుకు వస్తుంది. అమావాస్య పోటుకు వాయుగుండపు గాలి తోడైతే మీటరు లేవడం వింత కాదు.

కొయ్యల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. పిచ్చమ్మ చేపలు ఎండబెట్టే పందిరికి ఆరు సరుగుడు కొయ్యలు. రెండింటి కొనలకు ఎర్ర దారం ఇంకా వేలాడుతోంది. ఇవి ఎక్కడివమ్మా అని అడిగాను.

"దొర పాతినవే. ఊరుకుంటామా సారూ?" అంది. "రొయ్యల గుంటలోళ్లు చేసింది అట్టనే గదా. ముందు కొయ్య, ఎనక కంచె. దిబ్బంతా అట్టనే పొయ్యింది. అందుకని ఎవురు పాతినా పీకేస్తాము. ఆయన పాతేవాడు, మేము పీకేవాళ్లము. పాపం, ఏమీ అనేవాడు కాదు, ఇంకోటి చెక్కుకొని వచ్చేవాడు."

నీళ్లు ఎంత దగ్గరికి వచ్చాయో రోజూ ఆ ఇసుకలో నడిచేవాళ్లకు తెలియలేదు. రోజుకు ఒక గుప్పెడు చొప్పున పోతే ఎవరికీ తెలియదు. చెప్పగలిగిన కొయ్యల మీద చేపలు ఎండుతున్నాయి.

ఆ సాయంత్రమే మండలాఫీసుకు ఫోన్ చేశాను. తుఫాను హెచ్చరిక తమకు ఉత్తరాన ఉన్న తీరానికేనని, ఇక్కడ వేటకు వెళ్లవద్దన్న ఉత్తర్వు తప్ప ఇళ్లు ఖాళీ చేయించే ఆదేశం లేదని గుమాస్తా మర్యాదగా చెప్పాడు. ఆధారమేమిటని అడిగాడు. ఒక విదేశీయుడు వేసిన ముప్పై ఒక్క చిత్రాలని చెప్పేటప్పుడు నా గొంతు నాకే నమ్మశక్యంగా వినిపించలేదు.

గురువారం పొద్దున్నే పోలేరయ్య ఇంటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. చూపు వల మీదే ఉంచి మాట్లాడే అలవాటు. కాగితం మీద గీత గీసి, డెబ్బై ఒకటి, యాభై రెండు, ముప్పై అని చూపించాను. టేపు కొలత చెప్పాను. సాయంత్రంలోగా ముందు వరసను ఖాళీ చేయించి బడికి చేర్చమన్నాను. అతను చివరిదాకా విన్నాడు. లెక్కలు తనకెందుకు అన్నాడు. మంగళవారం చెప్పినవీ లెక్కలే గదా అన్నాడు. దురాయి ఉండగా ఇల్లు దాటమని తాను చెప్పలేడు, వాళ్లు దాటలేరు.

"అయితే దురాయి తీసేయి," అన్నాను.

"నా చేతిలో ఏముంది సారూ. మీ మాట మీద ఏసింది. ఎవురి మాట మీద ఏసినామో వాళ్లు అమ్మ రాయి మీద చెయ్యి పెట్టి, నా మాట తప్పు అని ఊరు వినేట్టు చెప్పాల. అప్పుడే లేచేది. ఎవురికైనా అంతే. నా కొడుకైనా అంతే."

"ఆ రాయి మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు, పోలేరయ్యా."

అతను అప్పుడు తల ఎత్తాడు. "లేకపోతే మీకేం కష్టం? రాయే గదా. భయం ఉంటే నమ్మేవోడికి ఉండాల."

కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా దేవుని పేరు పలకకుండా ఆత్మసాక్షిగా అన్నవాణ్ణి. నా పెళ్లిలో అగ్ని లేదు. నా భార్య చనిపోయినప్పుడు కర్మకాండ లేదు, దానికి ఆమె అన్నదమ్ములు నాతో ఈ నాటికీ మాట్లాడరు. తర్కం ప్రకారం పోలేరయ్య చెప్పింది సరైనదే. అది రాయి అయితే తాకడానికి ఖర్చు లేదు. ఖర్చు నా చెయ్యి చూసేవాళ్ల కళ్లలో ఉంది. ముప్పై ఏళ్లుగా నేను వాళ్లతో చెప్పినదంతా ఆ ఒక్క నిమిషంతో చెరిగిపోతుంది.

మరో దారి ప్రయత్నించాను. ముందు వరసకు వెళ్లి గుమ్మం గుమ్మానా నిలబడి, దురాయితో పనిలేదు, మీ ప్రాణాలు మీవి, కదలండి అన్నాను. ఒక ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఒక ఇంట్లో సారుకు ఏదో అయిందని గుసగుసలాడారు. ఎవరూ కదలలేదు. గాలి అప్పటికే ఈశాన్యం నుంచి విసురుగా వస్తోంది. అలల చప్పుడు మీద గొంతు పెంచితే తప్ప మాట వినపడడం లేదు. నాలుగో ఇంటి దగ్గర పిచ్చమ్మ నన్ను చూసి లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చింది. గోడ ముందు, సముద్రానికి ఎదురుగా వేసింది.

"కూచోండి సారూ," అంది.

వీధంతా బయటికి వచ్చి చూస్తోంది.

"కూర్చోనమ్మా."

"ఏం? ఆ పొద్దు కూచున్నారు గదా."

"ఆ రోజు నాకు భయం లేదు. ఇవాళ ఉంది."

"మొన్న లేదన్నారే."

"మొన్న నేను చూడకుండా చెప్పాను."

ఆమె చాలా నెమ్మదిగా, నన్ను ఓదారుస్తున్నట్టు అంది: "చూడకుండా చెప్పే మనిషి కాదనే గదా సారూ మేము నమ్మింది. ఇప్పుడు నేను పోతే నా కొడుకు పడవకి ఎవురు భుజం పడతారు? మీరు పడతారా? చెప్పబాకండి నాకు. పొయ్యి పెద్దకాపుకు చెప్పండి."

ఆ కుర్చీ ఖాళీగా సముద్రం వైపు చూస్తోంది. నేను వెనుతిరిగాను.

ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది తర్కం కాదు. కార్న్‌వాల్‌కు వచ్చిన ఆ ఇంజనీరు. తన మాట తప్పని అతనికి ఎప్పుడైనా తెలిసిందా? తెలిశాక ఏం చేశాడు? ఫిబ్రవరిలో ఆ ప్రశ్న అడగకుండా కప్పు వదిలేసి వచ్చాను. ఇక అడగడానికి మనిషి లేడు.

రాయి మీద చెయ్యి పెడతానని నేను చెప్పాక, మధ్యాహ్నం రెండింటికి పోలేరయ్య డప్పు వేయించాడు. రెండో వరస మొదట్లో వేపచెట్టు కింద, మోకాలి ఎత్తు నల్లరాయి. పసుపు పూసి పూసి దాని అంచులు నున్నబడ్డాయి. చెప్పులు విడవమన్నారు, విడిచాను. వాన మొదలైంది. ఊరంతా నిలబడి ఉంది. పది పదిహేను ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఏసుమణి దూరంగా తన గొడుగు కింద నిలబడి చూస్తోంది. ఆ రాయి ఆమెకూ ఏమీ కాదు.

వంగి రాయి మీద కుడిచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది, తడిగా ఉంది. రాయిలా ఉంది.

"మంగళవారం నేను చెప్పిన మాట తప్పు," అన్నాను. "ట్రెవిక్ దొర కలగని వేయలేదు. కొలిచి వేశాడు. నేను కొలవకుండా మాట్లాడాను."

"కలా కొలతా మాకొద్దు," అని పక్కనుంచి పోలేరయ్య అన్నాడు. "తప్పు అన్నారు. చాలు."

అతను గట్టిగా దురాయి లేచిందని మూడుసార్లు పలికాడు. ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు. ముందు వరసలో ఒక్కసారిగా కదలిక వచ్చింది. పెట్టెలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్లు, టీవీలు, వలలు, మంచాల మీద ముసలివాళ్లు. మగవాళ్లు పడవలను రెండో వరస దాటించి లాగారు. పిచ్చమ్మ అందరికంటే చివర వచ్చింది. నెత్తి మీద చేపల తట్ట, చేతిలో అదే ప్లాస్టిక్ కుర్చీ. అయిదింటికి ముందు వరసలో ఒక కుక్క తప్ప ఏమీ లేదు. చీకటి పడకముందే దాన్ని కూడా ఎవరో తాడు కట్టి తెచ్చారు.

వాయుగుండం శుక్రవారం తెల్లవారుజామున మాకు చాలా ఉత్తరాన తీరం దాటింది. మా వైపు వచ్చింది గాలీ, పోటూ మాత్రమే. తెల్లగా తెల్లవారాక బడి మేడ మీద నుంచి చూశాం. పదిహేడు ఇళ్లలో తొమ్మిది లేవు. పిచ్చమ్మ ఇంటికి సముద్రం వైపు గోడ, వంటిల్లు పోయాయి. వెనక గది నిలబడి ఉంది. మనిషి ఎవరూ పోలేదు. పొయ్యి పోయిందని మాత్రం ఆమె అంది.

తర్వాత జరిగినది నేను ఊహించినట్టే జరిగింది. నా చెయ్యి రాయి మీద ఉన్న ఫొటో నాస్తికుడు అమ్మకు మొక్కాడన్న మాటతో కావలి, నెల్లూరు దాకా వాట్సాప్‌లో తిరిగింది. హేతువాద సంఘం కార్యదర్శి నన్ను వివరణ అడుగుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాడు. అలాంటి ఉత్తరం రాసే పద్ధతి ఆయనకు నేర్పింది నేనే. దిబ్బలపాలెంలో రెండు అభిప్రాయాలున్నాయి. దొరకు ముందే కనపడిందనేది ఒకటి. అమ్మ నా మెడలు వంచి ఊరిని కాపాడిందనేది రెండోది. పటంలో పదిహేడు ఇళ్లూ లేవు, సముద్రం తీసుకుంది తొమ్మిదే, కాబట్టి దార్శనికుడు ఎనిమిది ఇళ్ల మేరకు పొరబడ్డాడని నేను ఒకరిద్దరికి చెప్పి చూశాను. విన్నారు. మిగతా ఎనిమిదీ ఎప్పుడు పోతాయని అడిగారు. తెలియదు, అందుకే ఆయన తేదీ వేయలేదు అన్నాను. ఆ మాట ఎవరికీ రుచించలేదు.

అట్టలను లండన్‌కు పంపేముందు అన్నిటికీ వెనకా ముందూ ఫొటోలు తీసి, సంఖ్యలు పట్టికగా రాసి కలెక్టరాఫీసుకు ఇచ్చాను. రసీదు ఇచ్చారు.

డిసెంబరు పౌర్ణమి నాడు నేనే సరుగుడు కొయ్య చెక్కుకుని ఒడ్డుకు వెళ్లాను. ఏసుమణి గొడుగు పట్టుకుని వచ్చింది. పిచ్చమ్మ గోడ లేదు కనుక పోలేరమ్మ రాయిని మొదలుగా పెట్టుకోవలసి వచ్చింది. ఆ ఒడ్డున ఇక కదలదని చెప్పగల గుర్తు అదొక్కటే. తడి ముగిసిన చోట కొయ్య దిగ్గొట్టాను. నా అంగలు ట్రెవిక్ అంగలకంటే పొట్టివి కాబట్టి టేపుతో కొలిచి, పుస్తకంలో తేదీ, అంకె రాసుకున్నాను. సాయంత్రానికి ఎవరో పీకేస్తారని తెలిసే చేశాను.

మరునాడు ఉదయం ఏసుమణితో వెళ్లి చూస్తే కొయ్య ఉంది. మొదలు నుంచి కొన దాకా పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, ఎర్ర దారం చుట్టారు. కింద ఒక అరటిపండు. పిచ్చమ్మ కొంచెం దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వల విడదీస్తోంది. నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది.

జేబులోంచి రుమాలు తీశాను. పసుపు తుడవడానికి వంగాను కూడా. తర్వాత ఒక విషయం తట్టి ఆగాను. ట్రెవిక్ మూడేళ్లలో పాతిన ముప్పై ఒక్క కొయ్యల్లో ఒక్కటీ వారం రోజులు నిలవలేదు. దీన్ని ఇక ఎవరూ పీకరు.

రుమాలుతో చేతులు మాత్రం తుడుచుకుని, టేపు చివరను కొయ్యకు పట్టమని ఏసుమణికి చెప్పి, రాయి వైపు నడిచాను.